మంచు పేరొకటే.. దారులు రెండు
లంబసింగి ఘాట్‌లో గొలుసు అనర్థం.. కశ్మీరంలో కొలత తప్పితే ప్రమాదం

కోటవురట్ల: డిసెంబరు, జనవరి మాసాల్లో లంబసింగి పేరు పత్రికల్లో కనిపించని రోజు అరుదు. ఉష్ణోగ్రత సున్నాకు చేరువైందని, కొండలు మంచు దుప్పటి కప్పుకొన్నాయని వార్తలు వస్తాయి. ‘ఆంధ్రా కశ్మీర్‌’ అన్న పేరు స్థిరపడి చాలా కాలమైంది. అయితే మన భాషలో పొగలా కమ్మేదీ మంచే.. గడ్డిపై బిందువుగా నిలిచేదీ మంచే.. హిమాలయాల్లో అడుగుల మందాన పేరుకునేదీ మంచే. కవికి ఇది సౌలభ్యం. లారీ చోదకునికి మాత్రం చిక్కే. మంచులో టైర్లకు గొలుసులు కట్టాలని విన్నవాడు ఏ మంచుకు కట్టాలో తెలియకుంటే రెండు చోట్లా నష్టపోతాడు.

అడ్డరోడ్డు నుంచి కోటవురట్ల, నర్సీపట్నం మీదుగా సాగి డౌనూరు దాటితే ఘాట్‌ మొదలవుతుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి ఉంది. అదే అడ్డరోడ్డు వద్ద 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన లారీకి ఉత్తరాది లోడు దొరికితే, వారం తిరిగేసరికి జమ్మూ దాటి ఉండవచ్చు. బయలుదేరిన చోటు ఒకటే అయినా ఈ రెండు దారులకు కావలసిన జాగ్రత్తలు పూర్తిగా వేరు.

ఘాట్‌లో గొలుసు పనికిరాదు
లంబసింగిలో రహదారి తడుస్తుంది.. కనుచూపు మూసుకుపోతుంది. అంతే తప్ప గొలుసు దిగబడేంత హిమం రోడ్డుపై పేరుకోదు. ఒట్టి తారుపై గొలుసు కడితే రబ్బరుకు, రోడ్డుకు నడుమ ఇనుము చేరుతుంది. పట్టు పెరగకపోగా తగ్గుతుంది. లంకెలు తెగి మడ్‌గార్డును, బ్రేకు గొట్టాలను కొడతాయి. ఇక్కడ కాపాడేది టైరు గాట్ల లోతే. లారీ టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. గాట్ల మధ్యనున్న చిన్న దిమ్మెల వరకు టైరు అరిగిందంటే దాని ఆయువు తీరినట్లే. తడిసిన మలుపులకు అంతవరకూ ఆగడం కూడా క్షేమం కాదు. వెనుక జంట టైర్లలో ఒకటి కొత్తది, మరొకటి అరిగినది ఉంటే బరువంతా ఎత్తుగా ఉన్న టైరుపైనే పడుతుంది. గాలిని తెల్లవారుజామున, బండి కదలక ముందే చూడాలి. పొగమంచులో పెద్ద లైటు వేస్తే వెలుగు తిరిగి చోదకుని కళ్లలోనే పడుతుంది కనుక దీపం దించి నడపాలి. ఇక డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్‌లో వదిలే అలవాటు అన్నిటికంటే చెడ్డది. నాలుగు రూపాయల ఆదా కోసం బండి భారమంతా బ్రేకులపై వేయడమే అవుతుంది.

సొరంగాలు వచ్చినా..
కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌ వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మన కర్నూలు, అనంతపురం జిల్లాల మీదుగానే పోతుంది. కశ్మీరంలో హిమపాతం కురిసిన రోజుల్లో గుల్‌మార్గ్‌ వంటి మార్గాల్లో గొలుసులున్న వాహనాలనే ట్రాఫిక్‌ పోలీసులు అనుమతిస్తారు. మూడున్నర వేల మీటర్లకు పైబడిన జోజిలా కనుమలోనూ అంతే. హిమాచల్‌లో మనాలీకి పైన కూడా ఇదే ఆంక్ష. 2017లో చెనాని-నష్రీ, 2020లో అటల్‌, 2021లో బనిహాల్‌-కాజీగుండ్‌, 2025 జనవరిలో సోనామార్గ్‌ సొరంగాలు అందుబాటులోకి వచ్చాయి. ఎత్తైన కనుమలు ఎక్కే బాధ చాలావరకు తప్పింది. సొరంగం ముఖద్వారాల వద్ద మాత్రం హిమం యథాతథం. గొలుసుతో నడవాల్సిన దూరం తగ్గడంతో కొత్త ప్రమాదం పొంచి ఉంది. ‘ఆ కాస్త దూరానికేగా’ అని దారిలో దొరికినది కొని, పొడవు చాలకుంటే తీగతో బిగించి వెళ్లాలనిపిస్తుంది. లోయ అంచున ఆ తీగ తెగితే బండిని ఆపేది లేదు.

కొలత టైరు మీదే ఉంది
గొలుసును లారీ కంపెనీ పేరు చెప్పి కొనకూడదు. టైరు పక్కగోడపై అచ్చైన అంకెలు చూసి కొనాలి. పాత 10.00-20 టైర్ల స్థానంలో 295/90ఆర్‌20 రేడియల్‌ వేయించడం మామూలే. రిమ్ము అదే ఇరవై అంగుళాలు కాబట్టి పాత గొలుసు సరిపోతుందనుకుంటారు. కానీ టైరు వెడల్పు మారింది. ట్యూబు లేని 295/80ఆర్‌22.5 అయితే రిమ్ము కూడా వేరు. రీట్రేడింగ్‌ చేయించిన టైరు, బాగా అరిగిన టైరు ఒకే అంకె కలిగి ఉన్నా చుట్టుకొలత ఒకటి కాదు. వదులైన గొలుసు టైరుపై జారి లోపలి వైపు బ్రేకు గొట్టాన్ని పట్టుకుంటుంది. బిగుతు చాలనప్పుడు టైరులో గాలి తీసి గొలుసు ఎక్కించి, మళ్లీ గాలి నింపడం కొందరి యుక్తి.. అది టైరుకూ గొలుసుకూ చేటే.

ఏ చక్రానికి అన్నది మరో ప్రశ్న. పది చక్రాల లారీల్లో చాలావాటికి వెనుక రెండు ఇరుసుల్లో ఒక్కదానికే ఇంజన్‌ బలం అందుతుంది. రెండోది బరువు మోయడానికే. దానికి గొలుసు కట్టి ఎంత గ్యాసు తొక్కినా బలం అందే చక్రం జారుతూనే ఉంటుంది. జంట టైర్లకు కలిపి వేసే గొలుసు లేకుంటే బయటి టైరుకు వేయాలి. ఎడమకు వేస్తే కుడికీ వేయాల్సిందే. నిచ్చెన మెట్లలా అడ్డంగా లంకెలున్న రకం ఎత్తు ఎక్కడానికి చాలు. పక్కకు జారే మలుపుల్లో వజ్రాకారపు అల్లిక మేలు. కొక్కేల కొనలు బయటి వైపునకు ఉండాలి, లేకుంటే టైరు పక్కగోడను కోస్తాయి. కట్టిన తర్వాత కొద్ది దూరం నడిపి, దిగి మళ్లీ బిగించాలి. వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటరాదు. ఇంకా నెమ్మదిగా వెళితే మరీ మంచిది.

ఖర్చు ఎవరిది?
గొలుసు చోదకుడు జేబులోంచి కొనాల్సిన వస్తువు కాదు. స్టెప్నీ, జాకీల మాదిరిగా అది బండి సామగ్రి. యజమాని లోడు ఒప్పుకొన్న రోజే కొని, నర్సీపట్నంలోనో ఇంటి ముందో పొడినేలపై చోదకుడు, క్లీనరు కలిసి ఒకసారి తొడిగి చూడాలి. గడ్డకట్టిన చేతులతో, చీకట్లో తొలిసారి నేర్చుకోవడం కుదరదు. ఏటా జనవరిలో జరిపే రహదారి భద్రతా మాసోత్సవాల్లో శిరస్త్రాణం, సీటు బెల్టుల గురించి చెబుతుంటారు. లారీ యజమానుల సంఘాలు చొరవ చూపి ఆ నెలలో ఒక్క పూట గొలుసు తొడగడం చేసి చూపినా ఉపయోగం. విడివిడిగా కొనలేని చిన్న యజమానులకు రెండు మూడు కొలతల్లో గొలుసులు అద్దెకు ఉంచడమూ సంఘాలకు భారం కాబోదు.

నల్లటి రోడ్డు కనబడగానే గొలుసు విప్పాలి. తిరిగి వచ్చాక కడిగి, ఆరబెట్టి, నూనె రాసి గోనెసంచిలో చుట్టి ఉంచాలి. ఉప్పుగాలి తగిలే మన తీరప్రాంతంలో ఒక్క వానాకాలం షెడ్డు మూలన వదిలేస్తే లంకెలు తుప్పుపట్టి, మరుసటి చలికాలానికి తూకానికి తప్ప పనికిరావు.