మలేసియా చుట్టానికి మన గుమ్మం

కేంద్ర హోం శాఖ మంత్రిగారికి,

మా తాత తమ్ముడు రబ్బరు తోటల్లో పనికని మలయా వెళ్లి అక్కడే ఉండిపోయాడు. మా శ్రీకాకుళం వైపు నుంచి అలా వెళ్లినవాళ్లు చాలామందే. ఆయన మునిమనవరాలు వచ్చే నెల మా ఊరి అమ్మవారి సంబరానికి వస్తోంది.

మొన్న మన ఈ-వీసా దరఖాస్తు నింపుతూ వాట్సాప్‌లో పిలిచింది. "చిన్నాన్నా, ఒంటిమీద గుర్తేదో రాయాలట. మోచేతి మచ్చ చాలునా?" చాలునన్నాను. మతం రాసింది. తల్లిదండ్రులు గానీ తాతలు గానీ పాకిస్తానీలా అంటే కాదంది. పదేళ్లలో తిరిగిన దేశాలన్నీ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. తండ్రి పుట్టిన ఊరి దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆమె నాన్న, అంటే నాకు అన్నయ్య వరస, పుట్టింది పేరాక్‌లో ఒక ఎస్టేటు కూలీల లైనింట్లో. ఇప్పుడక్కడ రబ్బరూ లేదు, లైనిళ్లూ లేవు, అంతా పామాయిల్ తోటే. "ఎస్టేటు ఊరవుతుందా?" అనడిగింది. ఏమో, అదే రాయమన్నాను.

నిరుడు నేను మలేసియా వెళ్లాను. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఫోన్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాను, ఉచితంగానే. కౌంటరు దగ్గర వేలిముద్రలు తీసుకుని ముద్ర వేశారు. అంతే. 2023 డిసెంబరు 1 నుంచి మన పాస్‌పోర్టుకు అక్కడ 30 రోజులు వీసా అక్కర్లేదు. అలాగని తలుపు బార్లా తీసి పెట్టలేదు. తిరుగు టికెట్టు, బస, ఖర్చులకు డబ్బు చూపించలేనివాణ్ణి వెనక్కి పంపే అధికారం కౌంటరులో కూర్చున్న ఆఫీసరుకు ఉంది. ఆ భయం నాకూ లేకపోలేదు. హోటలు కాగితం మడతలు పడేదాకా చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

మలేసియా వాళ్లకు మనమూ అలాగే వీసా ఎత్తేస్తే భద్రత మాటేమిటంటారా? విదేశీయులకు ఈ-అరైవల్ కార్డు మనమూ 2025 అక్టోబరు 1న పెట్టాం. రావడానికి ముందు 72 గంటల్లోపు నింపాలి. దిగాక పాస్‌పోర్టు తనిఖీ ఎలాగూ తప్పదు. కొద్దిరోజులకని వచ్చే చుట్టానికి ఇది సరిపోదా? నేపాల్, భూటాన్ వాళ్లకు మన దగ్గర వీసా లేదు. మాల్దీవుల పర్యాటకులకు 90 రోజులదాకా అడగం. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

నన్ను తొలిచేది గడువు. మనకిచ్చిన వెసులుబాటు 2026 డిసెంబరు 31తో అయిపోతుంది. చైనాకూ మొదట మనతోపాటే ఇచ్చారు. వాళ్లు మాత్రం మలేసియాతో ఒప్పందం రాసుకుని 2025 జులై 17 నుంచి రెండువైపులా వీసా ఎత్తేశారు. మనది ఇంకా మలేసియా దయ. రాకపోకలు రెండువైపులా ఉంటేనే కదా చుట్టరికం. ఆ గడువు దాటకముందే విదేశాంగ శాఖతో కలిసి 30 రోజులకైనా అలాంటి ఒప్పందం చేయండి.

మా అన్నయ్య ఇంతవరకు మా ఊరు చూడలేదు. వచ్చే ఏడు నాన్నను కూడా తీసుకురా అమ్మా అన్నాను. "అయితే ఈ ఫారం మళ్లీ ఆయన పేరున నింపాలా చిన్నాన్నా?" అంది. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పౌరుడు