పుట్టుక – పెంపకం – పాచికలు

పదిమంది బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, తలకొక పాత్ర ధరించి కథ నడుపుకొనే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు దీనిని వెలువరించారు. 2024 నాటి నూతన నియమావళిలోని ఒక మార్పు, ఆ ఆట ఎరుగని మనకు సైతం ఆలోచనీయం.

2014 నాటి గ్రంథంలో శక్తిసామర్థ్యాలు జన్మను అనుసరించి పెరిగేవి. మరుగుజ్జు జాతివానికి దేహదార్ఢ్యంలోను, ఎల్ఫ్ జాతివానికి చురుకుదనంలోను పుట్టుకతోనే రెండు పాయింట్లు అధికం. 2024లో ‘జాతి’ అనే మాట స్థానంలో ‘జీవజాతి’ని నిలిపి, ఆ అదనపు పాయింట్లను పాత్ర గడిపిన పూర్వజీవితానికి అప్పగించారు. సైనికుడై బ్రతికినవానికి ఒక తీరు, లేఖకుడై బ్రతికినవానికి మరొక తీరు.

దీనివలన వైవిధ్యం నశించిందని కొందరి ఆక్షేపణ. అది నిలువదు. చీకటిలో చూడగల చూపు, విషాన్ని తట్టుకొనే గుణం మరుగుజ్జులకు నేటికీ ఉన్నాయి.

అయితే సంస్కరణ సగంలో ఆగింది. ముద్రిత నియమం ప్రకారం పండితుడు బుద్ధిని పెంచుకొనవచ్చు. రైతుగా పెరిగినవానికి బలం, దేహదార్ఢ్యం, వివేకం మాత్రమే. బుద్ధికి చోటు లేదు. నాగలి పట్టిన చేతికి బుద్ధి పెరుగదని ఎవరు నిర్ణయించారు? సేద్యగాండ్ర బిడ్డలతో నిండిన మన తరగతి గదులే ఇందుకు సమాధానం. జన్మ సంకెలను తెంచినవారు వృత్తి సంకెలను తగిలించరాదు.