అక్రమమనగా నేమి?

మన గ్రామములలో "అక్రమము" అను మాట వినబడని దినము లేదు. గట్టు జరిపినవాడు అక్రమము చేసెనందురు. పాలివానికి భాగమీయనివాడు అక్రమము చేసెనందురు. వియ్యంకుడు మాట తప్పినను అక్రమమే. అన్యాయము, అధర్మము, అక్రమము అను మూడు మాటలను మనవారు ఒకే గోనెలో పోసి మూతి కుట్టినారు. ఇందువలన నష్టమేమని సభ్యులడుగవచ్చును. నష్టము గలదనియే మా యభిప్రాయము.

క్రమము కానిది అక్రమము, మాటకు అర్థమింతే. అయితే ఆ క్రమమును నిర్ణయించువారెవరు? చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఊరిలో చిరకాలముగా జరుగుచున్నదే క్రమమైనచో, దానిని కాదన్నవాడే అక్రమకారి యగును. నిజాము కాలమున నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలలో జరిగినదిదియే. కుమ్మరి వెల లేక కుండలిచ్చుట, చాకలి కూలి లేక బట్టలుతుకుట, రైతు తన చేను బీడువెట్టి ముందుగా దొర చేను దున్నుట, ఇవన్నియు క్రమములు! చేయజాలనన్నవాడు తప్పు చేసినవాడు. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పంటను 1940 దశకమున విసునూరు దేశముఖు మనుష్యులు కొనిపోవ వచ్చినప్పుడు, సంఘమువారు అడ్డుపడి ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. ఊరి వాడుకయే కొలబద్ద యైనచో అక్రమము ఐలమ్మదే కావలెను గదా!

భగేలా ఒడంబడికలను అదుపుచేయుటకు నిజాము ప్రభుత్వమువారే చట్టము చేసియుండిరి. కాని చట్టము ఉర్దూలో, కచేరీలో నుండెను. వాడుక తెలుగులో, ఊరిలో నుండెను. "గైరుకానూనీ" యను మాట పట్వారీకి తెలియును, జీతగానికి తెలియదు. తెలియని హక్కు పాతిపెట్టిన బిందె వంటిది.

1950 జనవరి 26 నుండి రాజ్యాంగము 23వ అధికరణము బేగారును నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వెట్టి, జీతము, భగేలా, పాలేరు అను పేర్లను వరుసగా పేర్కొని, ఆ కట్టుబాటునకు మూలమైన బాకీ తీర్చవలసిన పని లేదని కూడ చెప్పినది. పాలమూరు కూలీలు మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి దూరదేశములకు పోవుచుండిన దినములలో ఈ యొక్క వాక్యము ఎందరికి తెలిసియుండెను?

చట్టమనగా తలుపునకు బిగించు చట్రము కూడ. తలుపు ఎటు తెరచినను చట్రము కదలదు. వాడుక యట్లు కాదు. బలవంతుడు త్రోసిన వైపు జరుగును. కావున అక్రమమను మాటను చట్టమునకు, ఉపనిబంధనకు విరుద్ధమైన దానికే వాడుట మేలని మేము తలచుచున్నాము. తక్కినదానిని అన్యాయమందము. అన్యాయమునకు పంచాయతీ, మందలింపు, వెలి మొదలగు మార్గములున్నవి. అక్రమమునకు దరఖాస్తు ఉన్నది.

నేడు దొర లేడు, "మామూలు" ఉన్నది. నడచుచున్నది అని మాత్రమే అర్థమిచ్చు ఆ మాట లంచమునకు పేరైనది. ఇది చూడ ముచ్చటైన దిగజారుట! కొనుగోలు కేంద్రములో వడ్లకు తేమ 17 శాతము మించరాదు. మించినచో ఆరబెట్టవలెను. గోనె బరువు తీసివేయుట న్యాయమే. అంతకుమించి బస్తాకింతయని తరుగు పేర తీసి, చీటీలో వ్రాయక, "ఇది మామూలే" యన్నచో అది ఏ నిబంధనలోనిది? అడిగిన రైతును "రచ్చ చేయువాడు" అందురు. వెట్టి కాదన్నవానికి పెట్టిన పేరునకు ఇది తమ్ముడు.

మనవైపు తప్పును దాచరాదు. అప్పు తెచ్చుకొని, గడువు దాటినను కట్టక, అధ్యక్షుడు మా మేనమామ యనుకొని కూర్చున్న సభ్యునిది కూడ అక్రమమే. అతనిని మాత్రము "పాపము, కాలము కలిసిరాలేదు" అందుము. పంట పోయినవాని సంగతి వేరు; వానికి వాయిదా అడుగు మార్గమున్నది.

యాసంగి కాంటాలు మొదలగునప్పుడు సభ్యులు తూకపు యంత్రమునకు తనిఖీ ముద్ర యున్నదో లేదో చూడవలెను. తూకమైన బస్తాలు, బరువు, తీసిన తరుగు వేరువేరుగా వ్రాసిన చీటీని చేత పుచ్చుకొనిన పిమ్మటనే కల్లము విడువవలెను. చీటీ ఈయనన్నచో 1964 నాటి సహకార సంఘముల చట్టము 61వ విభాగము సంఘ వ్యవహారములలోని తగవులను గూర్చినది. 51వ విభాగము విచారణను గూర్చినది. దరఖాస్తు జిల్లా సహకార అధికారి కార్యాలయములో ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనవలెను.