మన నూకలు, వాళ్ల అన్నం

2023 జూలై గుర్తుందా? అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు క్యూ కట్టి, సోనా మసూరి బస్తాలు కార్లలోకి ఎక్కించుకుంటున్న వీడియోలు తెగ తిరిగాయి. అందరం నవ్వుకున్నాం, మీమ్స్ చేసుకున్నాం. కానీ ఆ వీడియోల వెనక ఉన్న కథ నవ్వే కథ కాదు.

2022 మార్చిలో మన దేశంలో కాసిన ఎండలు 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే ఎక్కువ. పంజాబ్, హర్యానాల్లో గోధుమ గింజ పాలు పోసుకునే టైముకి వేడి తగిలి గింజ ముడుచుకుపోయింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధం వల్ల ప్రపంచంలో గోధుమకి కటకట. మే 13న మన ప్రభుత్వం గోధుమల ఎగుమతి ఆపింది. సెప్టెంబర్‌లో నూకలు ఆపింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం కూడా ఆపింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో, 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన పడింది.

ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. అంత పెద్ద కొట్టు రాత్రికి రాత్రి షట్టర్ దించేస్తే ఏమవుతుంది? అమెరికాలో ఉన్నవాళ్లకి బస్తా రేటు పెరుగుతుంది, అంతే. సెనెగల్ లాంటి దేశాల సంగతి వేరు. మనం ఉప్మాకో, కోళ్ల దాణాకో వాడే నూకలే అక్కడ ఇంటిల్లిపాదీ తినే అన్నం. మనం 'భూమ్మీద నూకలు చెల్లాయి' అని మాటవరసకి అంటాం. వాళ్లకది మాటవరస కాదు. పైగా భూమిని వేడెక్కించిన పాపంలో ఆ దేశాల వాటా చాలా తక్కువ.

'ముందు మన జనం కడుపు నిండాలి కదా' అంటారు. నిజమే, కాదనను. అడిగిన దేశాలకి ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో పంపే వెసులుబాటూ ఉంచారు. కానీ నిషేధం ధరను కొన్నాళ్లు ఆపుతుందేమో గానీ ఎండను ఆపదు, వానను తేదు. మధ్యలో మంచి రేటు పోగొట్టుకునేది మన రైతే.

అలాగని 'సస్టైనబుల్' అనే బోర్డు తగిలించి ఏది చేసినా చెల్లదు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది. నవంబర్‌కల్లా వెనక్కి తగ్గాల్సి వచ్చింది. డాలర్ల కొరత కూడా తోడై, మరుసటి ఏడాది ఆ దేశం ఏమైందో చూశాం.

మరి దారేంటి? మన బ్రాంచి వాళ్లకి నచ్చే సమాధానం ఒకటుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో మట్టికి గాలి తగలదు, అందుకే మీథేన్ పుడుతుంది. చిల్లులు పెట్టిన ఒక పైపు ముక్కను మడిలో దించి, నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాకే మళ్లీ తడి ఇస్తే చాలు. పూత టైములో మాత్రం నీళ్లు నిలిపి ఉంచాలి. ఇలా చేస్తే నీటి వాడకం 30 శాతం దాకా తగ్గుతుందని, మీథేన్ దాదాపు సగానికి పడిపోతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. దిగుబడి తగ్గదు.

ఇంత చవకైన పద్ధతి ఊరూరా ఎందుకు లేదు? తెలంగాణలో 2018 నుంచి సాగుకి 24 గంటల ఉచిత కరెంటు. ఆంధ్రలోనూ సాగుకి పగటిపూట ఉచితమే. ఉచితం తీసేయమని నేననను. కానీ నీళ్లు ఆదా చేసిన రైతుకి పైసా రాదు. మోటారు కట్టేస్తే మళ్లీ కాలువలో నీళ్లుంటాయో లేదో, బోరు పోస్తుందో లేదో అన్న భయం మాత్రం ఉంటుంది. ఆదా చేసిన నీటికి డబ్బు కట్టివ్వాలి. అప్పుడే ఆ పైపు పొలంలో నిలబడుతుంది.

అందుకే ఫైనల్ ఇయర్ ఫ్రెండ్స్‌కి ఒక మాట. 'స్మార్ట్ ఇరిగేషన్' అని యాప్ చేసి, డెమో ఇచ్చి, మార్కులు వేయించుకుని వదిలేయకండి. రైతు ఆదా చేసిన నీటిని నమ్మకంగా, చవకగా ఎలా కొలవాలో తేల్చండి. ఆ లెక్క తేలితేనే రైతుకి డబ్బు అడగగలం. ఎండలు ముదిరిన ఏడాది కూడా మన మడి పండితే, ఇక్కడా అక్కడా పొయ్యి మీద ఎసరు ఆగదు.