ప్రీమియం పెరిగిందని పాలసీ మానేయవచ్చునా?

ప్రశ్న: నా వయస్సు 62. ఆరేళ్ళుగా నాకూ, నా భార్యకూ కలిపి ఆరోగ్య బీమా కడుతున్నాను. ఇంతవరకు ఒక్క పైసా వాడుకోలేదు. నాకు షుగరు, ఆమెకు బి.పి. ఉన్నాయి. ప్రీమియం ఏటా పెరుగుతోంది, రూల్సూ మారుతున్నాయి. ఈ ఏడు మానేసి, అవసరమైనప్పుడు మళ్ళీ తీసుకుందామని మా అబ్బాయి అంటున్నాడు. మీ సలహా ఏమిటి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మానవద్దు. మీ అబ్బాయి లెక్క పైకి సబబుగానే కనిపిస్తుంది. కాని అవసరం వచ్చాక పాలసీ దొరకడమే కష్టం.

బీమా అంటే పదిమంది చందాలతో నడిచే నిధి. ఆరోగ్యంగా ఉన్నవారు ఒక్కొక్కరే తప్పుకుంటే, మిగిలేది జబ్బుపడినవారే. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, ప్రీమియమూ పెరుగుతుంది. దానికి తోడు వయస్సు, ఆస్పత్రి బిల్లులు. ఆఫీసు ద్వారా కాక సొంతంగా కట్టుకునేవారికి ఈ బాధ ఎక్కువ.

మారిన రూల్సులో మీకు మేలు చేసేవే ఎక్కువ. ముందునుంచి ఉన్న జబ్బులకు ఆగవలసిన గడువు 2024 ఏప్రిల్‌లో నాలుగేళ్ళనుంచి మూడేళ్ళకు తగ్గింది. విడవకుండా అయిదేళ్ళు కడితే, మోసం రుజువైతే తప్ప, ‘ఫలానా జబ్బు చెప్పలేదు’ అని కంపెనీ క్లెయిము తోసిపుచ్చరాదు. 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. సొంత పాలసీలపై 18 శాతం జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేశారు.

మీ ఆరేళ్ళ కట్టుబడి వృథా కాలేదు. అదే మీ ఆస్తి. ఇప్పుడు మానేసి మళ్ళీ చేరితే షుగరుకు, బి.పి.కి మూడేళ్ళదాకా ఆగవలసి రావచ్చు. అసలు కంపెనీ చేర్చుకోకనూ పోవచ్చు. షుగరు గుండెను, మూత్రపిండాలను దెబ్బతీసేది ఈ వయస్సులోనే కదా!

కనుక ఇలా చేయండి:

1. గడువు తేదీకి ముందే కట్టండి. తర్వాత 30 రోజుల వెసులుబాటు ఉన్నా, ఏడాది సొమ్ము ఒకేసారి కట్టేవారికి ఆ మధ్యలో వచ్చిన జబ్బుకు డబ్బు రాదు.

2. భారమైతే బీమా మొత్తాన్ని తగ్గించుకోండి. లేదా బిల్లులో కొంత మీరే భరించే పద్ధతి ఉందేమో అడగండి.

3. కంపెనీ మారాలంటే గడువుకు కనీసం 45 రోజుల ముందే పోర్టబిలిటీకి దరఖాస్తు చేయండి. పాత పాలసీలో గడిపిన కాలం కొత్తదానిలో కలుస్తుంది. కొత్త కంపెనీ ఒప్పుకునేదాకా పాతదాన్ని వదలకండి.

4. షుగరు, బి.పి. సంగతి దాచకండి. ఏజెంటు ‘రాయనక్కరలేదు’ అన్నా, మీరు రాయించండి.

5. క్లెయిము కాదంటే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. రుసుము లేదు.

చివరగా ఒక మాట. పాలసీ ఆస్పత్రి బిల్లు కడుతుందే కాని, షుగరును తగ్గించదు. ప్రీమియం తేదీని గుర్తుంచుకున్నట్లే రక్తపరీక్ష తేదీని కూడా గుర్తుంచుకోండి. ఉదయం నడక, వేళకు మందులు మానకండి.