పుట్టినరోజు డబ్బాలో ఏముంది?

మా స్కూల్లో మెట్ల పక్క గోడకి ఒక షుగర్ బోర్డు ఉంది. కూల్‌డ్రింక్ సీసాలో ఎన్ని చెంచాల చక్కెర ఉంటుందో, బిస్కెట్ ప్యాకెట్‌లో ఎంత ఉంటుందో బొమ్మలతో సహా దాని మీద ఉంటుంది. పిల్లల్లో మధుమేహం పెరుగుతోందని, స్కూళ్లన్నీ ఇలాంటి బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025లో చెప్పింది. బోర్డు బాగుంది. కానీ వారానికి రెండు మూడు సార్లయినా ఎవరో ఒకరు యూనిఫామ్ బదులు రంగుల బట్టలు వేసుకుని, టాఫీల ప్యాకెట్ పట్టుకుని సరిగ్గా ఆ బోర్డు ముందు నుంచే క్లాసు క్లాసుకీ వెళ్తుంటారు. ఆ రోజు వాళ్ల పుట్టినరోజు!

టాఫీలు మానేయమని నేను చెప్పబోవడం లేదు. మాలాంటి పిల్లలకి ఆ ప్యాకెట్ ఎంత ముఖ్యమో నాకు తెలుసు. ఇది నా ఐదో స్కూలు. నాన్నకి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చినప్పుడల్లా కొత్త ఊరు, కొత్త క్వార్టర్, కొత్త క్లాసు. పేరు కూడా సరిగ్గా పలకలేని నలభై మందిలో మనం అడుగుపెడతాం. పుట్టినరోజు నాడు మాత్రం అందరూ మన చుట్టూ చేరతారు. టాఫీ ఇచ్చాక ఒకరో ఇద్దరో లంచ్‌లో పక్కన కూర్చుంటారు. అలా దొరికిన స్నేహాలు నాకూ ఉన్నాయి. అందుకే పంచడం ఆగకూడదు అంటాను. పంచేది మాత్రం మన చేత్తో చేసిందైతే మేలు. అందులో ఏముందో తినేవాళ్లకి చెప్పి మరీ పంచాలి. ఈ రెండో మాట ఎందుకంటున్నానో నా సొంత తప్పుతోనే చెప్తాను.

మా ఇంట్లో అవెన్ లేదు. ప్రతి మూడేళ్లకీ సామాను కట్టే ఇంట్లో అది బరువే. మాకున్నవి ఒక స్టవ్, ఒక మూకుడు, ఒక మిక్సీ. అవెన్ లేకుండా చేసే చాక్లెట్ ఉండల గురించి స్నేహితురాలు చెప్తే, ఇదేదో కొత్త విద్య అనుకుని అమ్మమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ నవ్వింది. "నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచితే చిమ్మిలి అయిపోతుంది. దానికి అసలు పొయ్యే అక్కర్లేదు. నీ కొత్త విద్య మా అమ్మ కూడా చేసేదే తల్లీ!" అంది. నిజమే. పల్లీ ఉండలు, నువ్వుల ఉండలు, చిమ్మిలి అన్నీ అవెన్ ముఖం చూడనివే. మనం కోకో ఒక్కటే కలుపుతున్నాం. ఆ కోకో కూడా మనకేమీ పరాయిది కాదు. దేశంలో కోకో ఎక్కువగా పండే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. గోదావరి ప్రాంతంలో కొబ్బరి చెట్ల నీడలో కోకో పెంచుతారు. సెలవుల్లో వెళ్లినప్పుడు మావయ్య నాకు ఆ కాయ పగలగొట్టి చూపించాడు. గింజల చుట్టూ తెల్లటి గుజ్జు ఉంది. తియ్యగా, పుల్లగా ఉంది కానీ చాక్లెట్ రుచి ఏ కోశానా లేదు. గింజల్ని పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాకే ఆ రుచి వస్తుందట.

మొదటిసారి నేను 150 గ్రాముల పల్లీలు, 200 గ్రాముల గింజ తీసిన ఖర్జూరాలు, మూడు చెంచాల కోకో పొడి కలిపి ఇరవై ఉండలు చేశాను. "చక్కెర లేని చాక్లెట్" అని ఇల్లంతా చాటాను. అప్పుడు తమ్ముడు ఖర్జూరాల ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాడు. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే! లెక్క వేస్తే ఒక్కో ఉండకి ఆరు గ్రాములు దాటింది. చెంచా చక్కెర అంటే సుమారు 4 గ్రాములు. అంటే నా "చక్కెర లేని" ఉండలో చెంచాన్నర చక్కెర ఉందన్నమాట. ఖర్జూరంలో పీచు ఉంటుంది, అది మంచిదే. అంతమాత్రాన చక్కెర మాయమైపోదు. బెల్లం సంగతీ అంతే, తేనె సంగతీ అంతే. తేనెలోని చక్కెరని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించాల్సిన చక్కెరల్లోనే కలిపింది. ఆ సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం అలాంటి చక్కెర నుంచి వచ్చే శక్తి, రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదు. 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకి 2000 కిలోకేలరీలు తినేవాళ్లకి 5 శాతం అంటే 25 గ్రాములు, ఆరు చెంచాలు. చిన్నపిల్లలకి ఇంకా తక్కువ.

రెండోసారి కొలతలు మార్చాను. 200 గ్రాముల పల్లీలు, 100 గ్రాముల ఖర్జూరాలు, మూడు చెంచాల కోకో, చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు. ముందు పల్లీల్లో బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయాలి. బూజు పట్టిన పల్లీల్లో విషపదార్థాలు ఉండవచ్చు, వేయించినా అవి పోవు. మంచివి సన్న సెగ మీద పొట్టు చిట్లేదాకా వేయించి, చల్లారాక నలిపి, పొట్టు చెరిగేయాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. ఖర్జూరాలని నెయ్యిలో రెండు నిమిషాలు మెత్తబరిచి, అన్నీ కలిపి, గోరువెచ్చగా ఉండగానే చిన్న ఉండలు చుట్టాలి. నీళ్లు అస్సలు తగలకూడదు, తడి తగిలితే త్వరగా పాడవుతాయి. ఇరవై ఉండలు అయ్యాయి. ఈసారి ఒక్కోదానిలో చక్కెర మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే. పల్లీల వల్ల రెండున్నర గ్రాముల ప్రొటీన్ కూడా వచ్చింది. రుచి కొంచెం చేదు వైపు వెళ్లింది. రెండు రోజులకి మా ఇంట్లో అందరికీ అదే నచ్చింది.

వీటిని కరిగించిన చాక్లెట్‌లో ముంచాలని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మేముండే ఊళ్లో ఏప్రిల్‌లోనే 42 దాటుతుంది. స్కూల్ బ్యాగులో అవి పులుసైపోతాయి! చలి ప్రాంతంలో ఉన్నవాళ్లు ముంచి చూడండి. గిన్నెలో ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ గట్టిపడి ఉండలు కడుతుంది, జాగ్రత్త. కొనేముందు ప్యాకెట్ వెనక వైపు చదవండి. దినుసులని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలని నియమం. మొదటి పేరే చక్కెర అయితే మీరు కొంటున్నది ప్రధానంగా చక్కెరే. కోకో పొడి కూడా తీపి కలపనిది తీసుకోవాలి. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి వేరు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. పోయిన పుట్టినరోజుకి నలభై ఉండలు చేసి స్టీలు డబ్బాలో పట్టుకెళ్లాను. "హెల్దీ చాక్లెట్, భయం లేకుండా తినండి" అంటూ పంచాను. అందరూ తిన్నారు. నెల కిందటే ఇంకో రాష్ట్రం నుంచి వచ్చి చేరిన అబ్బాయి మాత్రం ఉండని చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి చేస్తే తినడేంటి అనిపించింది. "నచ్చలేదా?" అని నలుగురిలో అడిగేశాను. అతను ఉండని నోటిదాకా తీసుకెళ్లాడు. మళ్లీ ఆగి, చాలా మెల్లగా, "ఇందులో పల్లీలు ఉన్నాయా?" అని అడిగాడు.

అతనికి పల్లీలు పడవు. చిన్నప్పుడు ఒకసారి తింటే పెదవులు వాచి, ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లారట. క్లాస్ టీచర్‌కి చెప్పారా అని అడిగితే, పాత స్కూల్లో అందరికీ తెలుసన్నాడు. ఇక్కడ ఇంకా ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చినవాడు, నలుగురి ముందు వద్దంటే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం నాకు బాగా తెలుసు. నా మొదటి రోజుల్లో నేనూ ఎన్నోసార్లు నచ్చనివాటికి తలూపాను. ఇంకొక్క నిమిషం అతను మొహమాటపడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పదిరూపాయల టాఫీ ప్యాకెట్ మీద కూడా దినుసుల పేర్లు ఉంటాయి. నా "హెల్దీ" డబ్బా మీద ఏమీ లేదు!

అప్పటినుంచి నా నియమం ఒకటే. డబ్బా మూత మీద కాగితం అంటిస్తాను. పల్లీలు, ఖర్జూరం, కోకో, నెయ్యి, ఉప్పు అని హిందీలో, ఇంగ్లీషులో రాస్తాను. మూత తీసేముందు, "ఎవరికైనా పడనిది ఏదైనా ఉందా?" అని అడుగుతాను. ఆ అబ్బాయి కోసం, ముందు వాళ్లమ్మగారిని ఫోన్లో అడిగి, పల్లీలు తగలని గిన్నెలో గుమ్మడి గింజలతో వేరే ఉండలు చేశాను. మిక్సీ జార్‌లో పల్లీ పొడి మిగిలి ఉండవచ్చని ఆవిడ చెప్తే, గింజలని రోట్లోనే దంచాను. అమ్మమ్మ మాట అలా పనికొచ్చింది. ఇంకో మాట, నాలుగైదేళ్ల లోపు పిల్లలకి పలుకులుగా ఉన్న గింజలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడవచ్చు. మెత్తగా పొడి చేసే ఇవ్వాలి.

దీనికి ఎదురు వాదనలు నేనూ విన్నాను. టాఫీలే చవక కదా అంటారు. నిజమే, ఉండలకి ఖర్చు ఎక్కువే. ఇంట్లో వీలు కాకపోతే అరటిపళ్లు పంచండి, లేదా ఏమీ పంచకండి. పుట్టినరోజు నాడు ఎవరి డబ్బా గొప్పదో చూపించుకునే పోటీ మాత్రం వద్దు. ఇదంతా అమ్మల నెత్తిన పడే పని అని మా మేడమ్ అన్నారు. అదీ నిజమే. అందుకే అమ్మలు కాదు, మనమే చేయాలి. పల్లీలు వేయించేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉంటే చాలు. పొట్టు తీయడం, గింజలు తీయడం, చుట్టడం, చివరికి గిన్నెలు కడగడం, అన్నీ అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ చేయగలిగేవే. మా తమ్ముడి ఉండలు నావాటికంటే గుండ్రంగా వస్తాయి.

స్కూలు గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలు అమ్మకూడదని 2020లోనే నిబంధనలు వచ్చాయి. అవి దుకాణాలకి వర్తిస్తాయి. మన బ్యాగులో వచ్చే డబ్బాకి నిబంధన మనమే పెట్టుకోవాలి. తక్కువ తీపి, చిన్న ఉండ, మూత మీద దినుసుల పేర్లు. ఇంట్లో చేసినంత మాత్రాన మిఠాయి ఆరోగ్యకరమైపోదు. అందులో ఏముందో, ఎంత ఉందో మనకి తెలుస్తుంది, ఇతరులకి చెప్పగలుగుతాం. ఇంట్లో చేయడంలో ఉన్న అసలు లాభం అదే.

ఈ ఏడాది పరీక్షలయ్యాక మాకు మళ్లీ ట్రాన్స్‌ఫర్ ఉండొచ్చంటున్నారు నాన్న. మీరు ఇది చదివే సరికి నేను ఆరో స్కూల్లో ఉంటానేమో. అక్కడ కూడా పుట్టినరోజు వస్తుంది. మీ క్లాసులో కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా డబ్బా ముందు తటపటాయిస్తూ కనిపిస్తే, "నచ్చలేదా?" అని నాలా అడగకండి. "ఇందులో ఇవి ఉన్నాయి, నీకు పడతాయా?" అని అడగండి. ఆ పిల్లకి మీ దగ్గర మొహమాటం సగం పోతుంది.

— పదకొండో తరగతి విద్యార్థిని