సౌరఫలకముల ఆయుర్నిర్ణయము

పాణ్యము చెంత కర్నూలు సౌరక్షేత్రమున 1000 మెగావాట్ల ఫలకములు 2017 నుండి ఎండలో నున్నవి. 2024లో నారంభమైన పీఎం సూర్యఘర్ పథకముచే గృహస్థులును తమ మిద్దెలపై ఫలకములను నిలుపుచున్నారు. పలువురు ఇందుకై అప్పు చేయుచున్నారు. ఇరువదియైదేండ్లు మన్నునని విక్రేత లిచ్చు హామీకి ఆధారమేమి?

ఒప్పుదల పరీక్షలో ఫలకమును 85 డిగ్రీల వేడిమి, నూటికి 85 పాళ్ల తేమ గల గదిలో 1000 గంట లుంచుదురు. అనఁగా ఆఱువారములు మాత్రమే. ఇందువలన పుట్టుకతో వచ్చిన లోపములు బయటపడును గాని ఆయుర్దాయము తేలదు. 2010 తరువాత వాడుకకు వచ్చిన పాలీఅమైడు వెనుకపొరలు ఈ పరీక్షలలో నెగ్గియు, ఆరుబయట కొన్నియేండ్లకే పగిలినవి. తేమను, వేడిని, అతినీలలోహిత కిరణములను గదిలో వేఱువేఱుగఁ బ్రయోగించిరి. ప్రకృతి వానిని కలిపి ప్రయోగించినది.

ఫలకముల శక్తి యేఁటికి నూటికి అరపాలు చొప్పున తగ్గునని 2012లో అమెరికా పరిశోధకులు పలుదేశముల లెక్కలనుండి తేల్చిరి. మన ఉష్ణప్రాంతములలో క్షీణత యధికమనియు, మిద్దెలపై మఱింత యధికమనియు బొంబాయి ఐఐటీవారు పాల్గొనిన అఖిలభారత సర్వేలు చూపినవి. కావున పరదేశపు సగటును మన యెండకు అన్వయించుట ప్రమాదకరము.

ప్రభుత్వసహాయము పొందిన ప్రతి క్షేత్రపు ఉత్పత్తి లెక్కలను ఏఁటేఁట ప్రకటింపవలెను. మన శీతోష్ణస్థితికిఁ దగిన పరీక్షలను నిర్బంధము చేయవలెను. విక్రేత దుకాణము కట్టివేసినను హామీ చెల్లునట్లు ముందుగనే ధరావతు కట్టింపవలెను. లేనిచో అప్పు మాత్రమే గృహస్థునకు మిగులును.